అడవి అంచున రోడ్డు: నగరపు నడకదారిలో నిశ్శబ్దం ఎలా పుడుతుంది?

హైదరాబాదు కేబీఆర్ పార్కులో కొత్తగా నడక మొదలుపెట్టినవారికి ఒక సందేహం వస్తుంది. బయట రోడ్డు మీద పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. గేటు దాటి పది నిమిషాలు లోపలికి నడిస్తే నెమలి కేకతో పాటు ఎండుటాకుల మీద ఉడుత పరుగు కూడా వినిపిస్తుంది. అంతసేపూ చెవులు చిల్లులు పడేలా మోగిన ట్రాఫిక్ ఎక్కడికి పోయింది?

చెట్లు పీల్చేసుకున్నాయన్నది అందరి నోటా వచ్చే జవాబు. అది తప్పు కాదు గానీ, చెట్లకు దక్కుతున్న పేరులో పెద్ద వాటా నేలదీ రాళ్లదీ గాలిదీ. కొంత వాటా వినే మనిషి మెదడుకూ పోతుంది. ఈ వాటాలు ఎవరికెంతో తేలితే ఏ ఊళ్లోనైనా ప్రశాంతమైన దారి ఎక్కడ దొరుకుతుందో ముందే అంచనా వేయవచ్చు. ఉన్న దారి ఎందుకు పాడైందో కూడా అర్థమవుతుంది.

దూరం చేసే పని

కాసు బ్రహ్మానందరెడ్డి పేరిట ఉన్న ఈ పార్కును 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అంతకుముందు అది నిజాం వంశీకుల ఎస్టేటు. చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది. విస్తీర్ణం 142 హెక్టార్ల పైచిలుకు, అంటే దాదాపు 350 ఎకరాలు. జాతీయ ఉద్యానాల్లో ఇది చాలా చిన్నది. ఇంత స్థలం చక్కగా గుండ్రంగా ఉందనుకున్నా, నట్టనడుమ నిలబడ్డ మనిషికి సరిహద్దు కంచె 700 మీటర్ల లోపే ఉంటుంది. కంచె అవతల రోడ్డే. కాబట్టి ఈ పార్కులో రోడ్డుకు దూరంగా పోవడమంటే అరకిలోమీటరు, మహా అయితే మరికాస్త.

ఆ కాస్త దూరం ఎంత పనిచేస్తుందో చూడాలంటే డెసిబెల్ గురించి రెండు ముక్కలు తెలియాలి. ఇది మామూలు కూడికల లెక్క కాదు. శబ్దం 10 డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి 10 రెట్లవుతుంది, చెవికి మాత్రం ఇంచుమించు రెండింతలైనట్టు తోస్తుంది. 3 డెసిబెల్స్ తగ్గితే శక్తి సగానికి పడిపోతుంది, అయినా చెవి ఆ తేడాను సరిగా పట్టుకోలేదు.

ఒక్క స్కూటరు హారన్ కొట్టిందనుకుంటే, దానికీ మనిషికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రోడ్డు పొడవునా బారులు తీరిన వాహనాల సంగతి వేరు. అక్కడ శబ్దం ఒక చుక్క నుంచి కాక ఒక గీత మొత్తం నుంచి వస్తుంది. దూరంగా జరిగినకొద్దీ ఆ గీతలో మరింత భాగం చెవి పరిధిలోకి వస్తుంది కనుక, దూరం రెట్టింపైతే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. రోడ్డుకు 10 మీటర్ల దగ్గర 70 డెసిబెల్స్ ఉన్న మోత 20 మీటర్ల దగ్గర 67, 40 దగ్గర 64, 80 దగ్గర 61, 160 మీటర్ల దగ్గర 58 అవుతుంది. మొదట పది మీటర్లు జరిగితే దక్కిన లాభం కోసం చివర్లో ఎనభై మీటర్లు నడవాలి. కేవలం దూరమే దిక్కయితే కేబీఆర్ అంత చిన్న పార్కులో ఉడుత పరుగు వినిపించే అవకాశం తక్కువ.

ఆకులు ఆపేది ఎంత?

శబ్దం అలలుగా ప్రయాణిస్తుంది. మంద్రంగా, బరువుగా ఉండే శబ్దాల అలలు పొడవైనవి, సన్నని శబ్దాలవి పొట్టివి. లారీ ఇంజను గుర్రుమనే శబ్దంలో ఒక్కో అల మూడు మీటర్లకు పైనే ఉంటుంది. హారన్ అల మీటరుకు కాస్త తక్కువ. చిన్న పిట్ట కిచకిచలో అల పొడవు బెత్తెడు.

చెరువులో రాయి వేసి, అల గట్టు వైపు ఎలా వెళ్తుందో చూస్తే మిగతా కథ తెలిసిపోతుంది. దారిలో తుంగ పరకలున్నా అల వాటిని పట్టించుకోదు, వాటి మధ్యలోంచి ఏమీ జరగనట్టు సాగిపోతుంది. అదే ఒక పెద్ద బండ అడ్డొస్తే దాని వెనక నీళ్లు నిలకడగా ఉంటాయి, అంచుల దగ్గర మాత్రం అల కొద్దిగా వంగి లోపలికి వస్తుంది. అడ్డు పరిమాణం అల పొడవుకు దగ్గరగా గానీ, దాన్ని మించి గానీ ఉంటేనే అల ఆగుతుంది. వేపాకు, రేగాకు, సీతాఫలం ఆకు అన్నీ కొద్ది సెంటీమీటర్లవే. లారీ మోతకు అవి తుంగ పరకలతో సమానం. అవి చెదరగొట్టగలిగేది సన్నని శబ్దాలను, అంటే బ్రేకు కీచును, టైర్ల సర్రుమనే చప్పుడులో పైస్థాయి భాగాన్ని. ఒక విధంగా ఇదీ మేలే, మోతలో చెవిని గుచ్చే ముల్లు ముందు ఊడిపోతుంది. మిగిలిన మొద్దు శబ్దాన్ని మెదడు తేలిగ్గా పక్కకు నెట్టేయగలదు.

రహదారుల ఇంజనీర్ల అంచనా ప్రకారం, అవతలి వైపు ఏమాత్రం కనిపించనంత దట్టంగా, ఎత్తుగా పెరిగిన చెట్ల పట్టీ 60 మీటర్ల మందం ఉంటే 10 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ గోడ వెంబడి ఒకే వరుసలో నాటిన అశోక చెట్లు ఈ లెక్కలో దాదాపు సున్నా. దక్కన్ పీఠభూమి అడవికి మరో చిక్కుంది. ఇది ఎక్కువగా ఆకురాల్చే పొదల అడవి. మోదుగ పూసే రోజుల్లో కొమ్మల మీద ఆకే ఉండదు. అయినా ఆ నెలల్లో పార్కు నడిమి దారులు సంతలా మారిపోవు. కారణం తలపైన కాదు, కాళ్ల కింద ఉంది.

నేల తాగేసే మోత

రోడ్డు నుంచి చెవికి శబ్దం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేరుగా, రెండోది నేలను తాకి పైకి లేచి. నేల సిమెంటుదైతే తాకిన శబ్దం దాదాపు అంతా తిరిగొచ్చి నేరుగా వచ్చినదానికి తోడవుతుంది. నేల గుల్లగా ఉంటే కథ మారుతుంది. మట్టి రేణువుల మధ్య, ఆకుల పొరల మధ్య ఉన్న సన్నని సందుల్లోకి గాలి చొరబడి, రాపిడికి శబ్దశక్తి కొంత వేడిగా మారి పోతుంది. మిగిలి పైకి లేచిన అల కాస్త వెనకబడుతుంది. నేరుగా వచ్చిన అల ఎత్తున ఉన్నప్పుడు ఇది పల్లంలో ఉంటుంది, రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొంత చెరిపేసుకుంటాయి. శబ్దశాస్త్రంలో దీన్ని గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు, తెలుగులో నేల ప్రభావం అనుకోవచ్చు. విశేషమేమిటంటే ఈ చెరుపు గట్టిగా పనిచేసేది సెకనుకు 200 నుంచి 600 కంపనాల మధ్య. ఆకులకు చిక్కకుండా తప్పించుకున్న ట్రాఫిక్ మోతలో చాలా భాగం సరిగ్గా అక్కడే ఉంటుంది.

మెత్తని నేల మీదుగా వస్తే దూరం రెట్టింపైన ప్రతిసారీ 3కు బదులు 4.5 డెసిబెల్స్ తగ్గుతాయని రోడ్డు శబ్దం లెక్కగట్టేవారి నియమం. పైన చెప్పిన లెక్కనే మళ్లీ వేస్తే, 160 మీటర్ల దగ్గర 58 ఉండాల్సింది 52 అవుతుంది. శబ్దశక్తిలో ఇది నాలుగో వంతు. ఒక్క చెట్టునూ లెక్కలోకి తీసుకోకుండానే ఇంత తేడా వచ్చింది.

అయితే చెట్లకు ఇక్కడ దొడ్డిదారిన గౌరవం దక్కుతుంది. నేల గుల్లబారేది వేర్ల వల్ల, చెదల వల్ల, వానపాముల వల్ల, ఏటా రాలి కుళ్లే ఆకు వల్ల. చెట్టు తన ఆకుతో కొమ్మ మీద ఆపలేని శబ్దాన్ని అదే ఆకు నేల మీద పడ్డాక ఆపుతుందన్నమాట. దారి పక్కన రాలిన ఆకును చెత్తగా భావించి రోజూ ఊడ్చి కాల్చేసే పార్కుల్లో ఈ లాభం ఉండదు. నడకదారికి టైల్స్ పరిచి, పక్కన పచ్చిక తీసేసి, దానికి సుందరీకరణ అని పేరు పెట్టే అలవాటు మన మునిసిపాలిటీల్లో బాగా ఉంది. ఫొటోల్లో బాగుంటుంది. చెవికి మాత్రం నష్టం.

బండ చాటు

హైదరాబాదుకు ప్రకృతి ఇచ్చిన శబ్దపు గోడలు వేరే ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు పగుళ్ల వెంట వానకూ ఎండకూ అరిగి, గుండ్రని బండలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని మష్రూమ్ రాక్ వాటిలో పేరుమోసినది. ఇలాంటి బండ ఏనుగంత, ఒక్కోసారి ఇల్లంత ఉంటుంది. దానికి లారీ శబ్దం అల కూడా చిన్నదే. రోడ్డు కంటికి కనిపించకుండా ఒక గుట్ట గానీ గట్టు గానీ అడ్డొస్తే, కనుమరుగైన ఆ క్షణానే 5 డెసిబెల్స్ వరకు పడిపోతాయి. అడ్డు మరింత ఎత్తుగా ఉంటే ఇంకా తగ్గుతాయి. పై అంచు మీదుగా కొంత శబ్దం వంగి దిగుతుంది, అందులో మంద్ర శబ్దాలదే ఎక్కువ పాలు. అందుకే గుట్ట వెనక నడిచేవారికి హారన్ వినిపించకపోయినా బస్సు గుర్రుమనడం లీలగా అందుతుంది.

దుర్గం చెరువును ఒకప్పుడు సీక్రెట్ లేక్ అనేవారు. జూబ్లీహిల్స్‌కూ మాదాపూర్‌కూ మధ్య బండల చాటున దాగి ఉండేది కనుక ఆ పేరు. కంటికి దాచిన ఆ రాళ్లే చెవికీ దాచాయి. ఇళ్ల కోసం, రోడ్ల కోసం బండలను పేల్చేస్తుంటే, వాటిని కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. రాళ్ల అందం గురించి, వయసు గురించి ఆ చర్చలో చాలా మాటలు వచ్చాయి. అవి శబ్దాన్ని అడ్డుకుంటాయన్న మాట అంతగా వినపడలేదు. కొట్టేసిన చెట్టు స్థానంలో ఇంకొకటి నాటవచ్చు, పేల్చిన బండకు ఆ వీలు లేదు.

తెల్లవారుజామున రైలు కూత

ఉదయపు నడక అలవాటున్నవారు గమనించే ఉంటారు. ట్రాఫిక్ ఇంకా మొదలుకాని అయిదు గంటల వేళ, పగలెప్పుడూ వినపడని రైలు కూత పక్క వీధిలో ఉన్నట్టు వినిపిస్తుంది. ఊరు నిద్రపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు.

వెచ్చటి గాలిలో శబ్దం వేగంగా, చల్లటి గాలిలో నెమ్మదిగా పోతుంది. ఈ తేడా వల్ల అల ఎప్పుడూ చల్లటి వైపుకు ఒంగుతుంది. పగలు ఎండకు నేల కాలి, నేలను ఆనుకున్న గాలి వేడెక్కుతుంది, పైన చల్లగా ఉంటుంది. కనుక రోడ్డు మోత పైకి ఒంగి, దూరాన ఉన్నవారి తల మీదుగా పోతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లారుతుంది. తెల్లవారేసరికి కింద చల్లటి గాలి, పైన వెచ్చటి గాలి అన్న తలకిందుల అమరిక ఏర్పడుతుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు. అప్పుడు పైకి పోవలసిన శబ్దం మళ్లీ కిందికి ఒంగుతుంది. చలికాలపు ఉదయాల్లో పొగ, మంచు నేలబారుగా నిలిచిపోవడానికీ ఇదే కారణం. కాబట్టి డిసెంబరులో తెల్లవారుజామున ఊరు ఎంత నిద్రలో ఉన్నా, హైవే మీద సాగే లారీల మోత మాత్రం మామూలుకన్నా దూరం వస్తుంది. ఎండ కాస్త ఎక్కాక నేల వేడెక్కి ఆ అమరిక చెదిరిపోతుంది. ట్రాఫిక్ ఇంకా పూర్తిగా పుంజుకోని ఆ కొద్ది వ్యవధి నడకకు మంచి సమయం.

గాలివాటం కూడా ఇలాగే పనిచేస్తుంది. రోడ్డు వైపు నుంచి గాలి వీస్తుంటే శబ్దం కిందికి ఒంగి చెవిన పడుతుంది, ఎదురుగాలిలో పైకి తేలిపోతుంది. ఒకే దారి ఒక రోజు ప్రశాంతంగా, మర్నాడు రొదగా అనిపించడంలో వింతేమీ లేదు.

మెదడు ఏరుకునే శబ్దాలు

ఇన్ని వడపోతల తర్వాత కూడా నగరంలోని పార్కులో శబ్దమాపకం పెడితే అది సున్నాకు దరిదాపుల్లో ఉండదు. నిశ్శబ్దమని మనిషి చెప్పేచోట నిజానికి బోలెడు శబ్దాలుంటాయి, కాకపోతే అవి వేరే శబ్దాలు. ఆకుల గలగల, కీచురాళ్ల రొద, నీటి చప్పుడు ఎన్నో స్థాయిల్లో పరుచుకుని ఉంటాయి. బలహీనపడి వచ్చిన ట్రాఫిక్ మోతను అవి కప్పేస్తాయి. ఈ కప్పివేతకు శాస్త్రంలో మాస్కింగ్ అని పేరు. దూరం, నేల, బండ కలిసి మోతను తగ్గిస్తేనే ఆకుల గలగలకు దాన్ని కప్పే బలం ఉంటుంది. రోడ్డు పక్క ఫుట్‌పాత్ మీద అదే చెట్టు అంతే గలగలమన్నా ఎవరికీ వినపడదు.

కప్పివేత రెండు వైపులా కోస్తుంది. నగరపు మోత పిట్టల పాటను కప్పేస్తుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు రొద ఎక్కువున్న వీధుల్లో మంద్ర స్వరాలు వదిలేసి పైస్థాయిలో పాడుతున్నాయని 2003లో వెల్లడైంది. ట్రాఫిక్ మోత కిందిస్థాయిలో ఉంటుంది కనుక పైస్థాయిలో పాడితే వినపడుతుంది. దీనికి తిరుగు సాక్ష్యం 2020లో దొరికింది. కరోనా లాక్‌డౌన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో రోడ్లు ఖాళీ అయినప్పుడు అక్కడి తెల్లతల పిచ్చుకలు గొంతు తగ్గించి, కిందిస్థాయి స్వరాలతో పాడాయి. గొంతు తగ్గినా వాటి పాట మునుపటికన్నా ఎక్కువ దూరం వినపడింది.

కేబీఆర్ నెమళ్లకు కేక విషయంలో ఈ బాధ తక్కువ, వాటి గొంతు ఏ హారన్‌కూ తీసిపోదు. కానీ మగ నెమలి పురివిప్పి ఈకలు జలదరించేటప్పుడు మనిషి చెవికి అందనంత మంద్రమైన ధ్వని పుడుతుందని, దానికి తోటి నెమళ్లు స్పందిస్తాయని కెనడా పరిశోధకులు 2015లో తెలిపారు. నగరపు మోతలో చెట్లు, బండలు అన్నీ ఆపలేకపోయేది ఆ మంద్రస్థాయినే.

మనిషి మీద ఇలాంటి దారుల ప్రభావం గురించి చాలా మాటలు చలామణిలో ఉన్నాయి, వాటిలో కొన్ని మందుల ప్రకటనలను తలపిస్తాయి. కాస్త గట్టి ఆధారం ఉన్నది ఏకాగ్రత విషయంలో. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని ఒకసారి చెట్ల తోటలో, మరోసారి నగర వీధుల్లో సుమారు గంటసేపు నడిపించారు. ముందూ తర్వాతా అంకెలను వెనక నుంచి ముందుకు అప్పజెప్పించారు. తోట నడక తర్వాతే ఫలితం స్పష్టంగా మెరుగుపడింది. గడ్డకట్టే జనవరి చలిలో నడిచినవారికి నడక ఏమంత ఆహ్లాదంగా లేదు, అయినా మెరుగుదల మాత్రం వచ్చింది. వీధిలో ప్రతి హారన్‌కూ ఉలిక్కిపడి చూడాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు. ఆకు కదలికకు ఆ బలవంతం లేదు, చూస్తే చూడొచ్చు, మానితే మానొచ్చు. అలసిన ఏకాగ్రతకు దొరికే విశ్రాంతి అదేనని రేచల్, స్టీఫెన్ కప్లాన్ దంపతుల సిద్ధాంతం. ఇంగ్లండులో దాదాపు 20,000 మందిని ప్రశ్నించి 2019లో వెలువరించిన మరో అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువని తేలింది. ఆరోగ్యం బాగున్నవారే పార్కులకు ఎక్కువ వెళ్తారేమో అన్న అనుమానాన్ని ఆ సర్వే ఒక్కటే తీర్చలేదు.

దారిని ఎంచుకోవడం

ఇప్పుడు ఒక ఊరి పటం ముందు పెట్టుకుని ప్రశాంతమైన దారి ఎక్కడుంటుందో ఊహించవచ్చు. పచ్చరంగు ఎంత ఉందన్నది చూసి లాభం లేదు, నేల ఎత్తుపల్లాలు చూడాలి. విశాఖపట్నంలో కంబాలకొండ అభయారణ్యం దీనికి చక్కని ఉదాహరణ. 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తరించిన ఈ తూర్పు కనుమల అడవి పక్కనే జాతీయ రహదారి పోతుంది, అవతల జంతుప్రదర్శనశాల. అయినా దారి కొండల నడుమ లోయలోకి మలుపు తిరిగాక రహదారికీ నడిచేవారికీ మధ్య కొండ అడ్డు నిలుస్తుంది. హైదరాబాదు అంచున విజయవాడ రహదారిని ఆనుకుని ఉన్న మహావీర్ హరిణ వనస్థలిది వేరే తీరు. కృష్ణజింకలకు కావలసినట్టే అది చాలావరకు విప్పారిన గడ్డి నేల. అక్కడ కొండ చాటు దొరకదు కనుక దూరాన్నీ మెత్తని నేలనూ నమ్ముకోవాలి, రహదారికి ఎంత లోపలికి పోతే అంత మేలు. కేబీఆర్‌లో అయితే కంచె బయట ఉన్న వాకింగ్ ట్రాక్‌కూ లోపలి మట్టిదారికీ పోలికే లేదు. రెంటి పక్కనా ఉన్నది ఒకే అడవి, చెవికి మాత్రం రెండు వేర్వేరు ఊళ్లు. లోపలి దారిలో మిగిలిన ప్రధాన శబ్దం తోటి పాదచారుల జేబుల్లోని ఫోన్లదే. దానికి ఏ బండా అడ్డురాదు.

చట్టం ఈ విషయంలో ఏమంటుంది? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, నిశ్శబ్ద మండలాల్లో 50. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. పార్కులు ఆ జాబితాలో లేవు, కావాలంటే అధికారులు విడిగా ప్రకటించవచ్చు. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశంలోనే పెద్ద నగరాల్లోని నిశ్శబ్ద ప్రాంతాలను గుర్తించి కాపాడాలన్న ఆలోచన ఉంది. తైవాన్ రాజధాని తైపే పక్కనున్న యాంగ్‌మింగ్‌షాన్ పార్కుకు 2020లో ప్రపంచంలో మొదటి నగర నిశ్శబ్ద ఉద్యానమన్న గుర్తింపు వచ్చింది. దాన్ని ఇచ్చింది ప్రభుత్వం కాదు, క్వైట్ పార్క్స్ ఇంటర్నేషనల్ అనే స్వచ్ఛంద సంస్థ.

కేబీఆర్ చుట్టూ అదే 2020లో కేంద్రం ఖరారు చేసిన రక్షిత పట్టీ వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, గరిష్ఠంగా 29.8 మీటర్లు. ఇంజనీర్ల లెక్క ప్రకారం 10 డెసిబెల్స్ తగ్గించడానికి కావలసిన దట్టమైన చెట్ల పట్టీ ఆ గరిష్ఠ వెడల్పుకే రెండింతలు. పట్టీలోని నేల మట్టిగానే మిగిలితే కొంత నయం, సిమెంటు చేస్తే ఆ కొంతా ఉండదు.